ఒక కన్ను పెరుమాళ్ళకి

మా భజన మఠానికి వీధి వైపు ఒక కిటికీ ఉంది. దాని కింద, బయట, ఒక మనిషి కూర్చోగలిగినంత తిన్నె. పోయిన శనివారం భజనకు వెళ్ళేసరికి ఎవరో ఆ కిటికీ తలుపులు మూసి గడియ వేశారు. జల్లు లోపలికి కొడుతోందని వేసి ఉంటారు. ఇన్నేళ్ళుగా ఎంత వాన వచ్చినా, చాపలు తడిసినా, ఆ తలుపులు ఎందుకు మూసేవాళ్ళం కాదో కొత్తగా వచ్చేవాళ్ళకు ఎలా తెలుస్తుంది? లేచి వెళ్ళి గడియ తీశాను. తిన్నె మీద వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి.

ఆ తిన్నె మీద కూర్చుని పాడిన మనిషి పోయి నెల కాలేదు. నిజానికి ఆయన చోటు అది కాదు. లోపల, మృదంగం పక్కన, గోడకు ఆనుకుని కూర్చోవలసిన మనిషి. మా నాయన పల్లవి ఎత్తుకుంటే దాన్ని అందుకునే మొదటి గొంతు ఆయనది. ఆ చోటు ఆయనకు ఎలా పోయిందో, అందులోకి తిరిగి రావడానికి ఆయన ఏమడిగాడో మా వీధి పెద్దలందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

ఆయన కుట్టుపని చేసేవాడు. కాలువకు తూర్పున ఫ్రెంచి దొరల వీధులు, పడమర మావి. దొరసానుల గౌన్లూ మా ఇళ్ళ ఆడవాళ్ళ రవికెలూ ఆయన ఇంటి అరుగు మీద ఒకే మిషను కింద నడిచేవి. మెడలో ఎప్పుడూ కొలత టేపు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కొనను పెదవుల మధ్య తడిపి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో సూది బెజ్జాన్ని వెలుగుకెదురుగా పట్టి చూసేవాడు. దారం ఎక్కేది గాని, మూసిన కన్ను తెరవడం మరిచిపోయేవాడు. అలాగే వీధిలోకి వచ్చి కూరగాయలు బేరమాడేవాడు. ఒకసారి కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు ఒకామె, తనకు కన్ను కొట్టాడని ఇంటికెళ్ళి ఏడ్చింది. ఆయన భార్యే వెళ్ళి సర్ది చెప్పవలసి వచ్చింది.

“నీకు కొట్టలేదే తల్లీ. ఆ కన్ను నాకు కూడా కొట్టలేదు ఇన్నేండ్లలో. అది సూదికి మొక్కుకున్న కన్ను.”

ఆమెను నేను అత్త అనేవాణ్ణి, ఆయనను మామ. చుట్టరికం ఏమీ లేదు. మా నాయనను ఆమె అన్నా అని పిలవడం వల్ల వచ్చిన వరస అది. వాళ్ళకు పిల్లలు లేరు.

ఆయనకు ఒక మాట ఉండేది. “కొలత తప్పితే తప్పు గుడ్డది కాదప్పా.” రవికె బిగుతైనా అదే మాట, అన్నం మాడినా అదే మాట, ఊళ్ళో ఎవరి అల్లుడో అలిగి పోయినా అదే మాట. మొదట్లో మాకు నవ్వొచ్చేది. తర్వాత మేమూ అనడం మొదలుపెట్టాం.

పెద్ద యుద్ధం మొదలైన ఏడాది ఒక దొరసాని ఉన్నపళంగా ఓడ ఎక్కవలసి వచ్చింది. కొలతలివ్వడానికి వచ్చినప్పుడల్లా ఆమె వెంట ఒక కుక్కపిల్ల వచ్చేది. తెల్లటి ఉంగరాల బొచ్చు, ఒక చెవి మాత్రం నల్లన. ఓడ మీదికి దాన్ని రానివ్వరని తెలిసి, ఆమె కన్నీళ్ళు పెట్టుకుంటూ ఆయన ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. ఆ సాయంకాలం అత్త వీధి వీధంతా వినేలా అంది: “గౌను ఇచ్చేసి రమ్మంటే కుక్కని తోడుకోని వచ్చినాడు చూడండి! కూలికి బదులుగానా?”

దాని పేరు పొంపోం. దొరసాని పెట్టిన పేరు. మా వీధిలో ఆ పేరు నోటితో పలికితే మడి పోతుందేమో అన్నట్టు పెద్దలు దాన్ని ‘ఆ శునకం’ అనేవాళ్ళు. దానికి ఫ్రెంచి తప్ప ఇంకో మాట తెలియదు. మేము “పో, పో” అంటే అది తోక ఊపుకుంటూ మీదికొచ్చేది. ఆయన “ఆసీ” అంటే కూర్చునేది, “ఇసీ” అంటే దగ్గరికొచ్చేది. ఆయనకు తెలిసిన ఫ్రెంచి ఆ రెండు మాటలే. ఒకసారి అత్త కోపం పట్టలేక చీపురెత్తి “ఆసీ!” అని అరిచింది. కుక్క కూర్చుంది. దానితో పాటు ఆయన కూడా చటుక్కున అరుగు మీద కూలబడ్డాడు. అత్త చీపురు కింద పడేసి నవ్వీ నవ్వీ గుమ్మానికి చేరగిలబడింది.

అది చేయని అల్లరి లేదు. తెల్లారి మా అమ్మ ముగ్గు పెట్టి లోపలికి తిరిగేలోగా సరిగ్గా మధ్యలో నాలుగు కాళ్ళూ ముద్ర వేసి పోయేది. కొన్నాళ్ళకు అమ్మ విసిగి, ఆ నాలుగు అడుగుల చుట్టూ చుక్కలు పెట్టి ముగ్గును అక్కణ్ణుంచే అల్లడం నేర్చుకుంది. ఆరేసిన పంచలు లాగడం, టోపీ పెట్టుకున్న సిపాయి కనిపిస్తే టోపీ దించేదాకా మొరగడం, దాని నిత్యకృత్యాలు. కొలత టేపు అంటే దానికి ప్రాణం. ఒక కొన ఆయన చేతిలో, రెండో కొన దాని నోట్లో, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు. “ఏందిరా మామా, వీధి కొలుస్తాండావా? చొక్కా కుట్టిస్తావా దానికి?” అని నూనె అంగడి చెట్టియారు గల్లా దగ్గర నుంచి కేకేసేవాడు.

ఒక సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. జూలైలో దొరలు చేసుకునే పెద్ద పండుగకు ఒక దొరసాని లేసు గౌను కుట్టించుకుంది. అన్నీ అయి, చేతులు అతికించబోయే సమయానికి పొంపోం ఒక చేయి నోట కరుచుకుని కాలువ గట్టుకు పరుగు. వెనక ఆయన, మెల్లగా, మర్యాదగా “ఇసీ పొంపోం, ఇసీ” అంటూ. ఆ వెనక అత్త, తెలుగులో మర్యాద లేకుండా. చివరికి అది ఆ లేసును మా అమ్మ కాళ్ళ దగ్గర పెట్టి, మెప్పు కోసం చూసింది. ఉతికారు, ఇస్త్రీ చేశారు, పంటి గాటు ఉన్న వైపు మడిచి లోపలికి తిప్పి కుట్టాడు. చూసినవాళ్ళకు తెలిసే వీలు లేదు. దొరసాని వచ్చి చూసి మురిసిపోయింది. అప్పుడు ఆయన తల వంచుకుని, సైగలతో, కుక్కను చూపించి, దాని నోరు చూపించి, గౌను చేయి చూపించి జరిగింది చెప్పాడు. ఆమె మొహం మాడ్చుకుని గౌను అక్కడే వదిలేసి పోయింది. మళ్ళీ రాలేదు.

“నోరు మూసుకోనుంటే పోయేది ఏంది నీకు?” అంది అత్త.

“ఆయమ్మ ఒంటి మీద ఏసుకునేది గదా. తెలిసి ఏసుకోవల,” అన్నాడాయన.

మా నాయన మఠంలో భజన నడిపే పెద్ద. ఆయన గొంతు వింటూ పెరిగాను నేను. పురాణం చదవడం, అర్థం చెప్పడం నాకు ఆయనే నేర్పాడు. కఠినుడు కాదు. కుక్కను శనివారం భజనకు వెంట తీసుకువస్తే కొందరు గొణిగారు. ఇంట్లో వదిలితే కుట్టిన గుడ్డలు మిగలవని మామ బతిమాలుకున్నాడు. “ప్రాణే కదయ్యా. గుమ్మం అవతల కట్టెయ్యి,” అని ఒప్పుకున్నది నాయనే. దాన్ని ఆ కిటికీ కమ్మికి కట్టేవాళ్ళు. నాయన పై స్థాయికి వెళ్ళినప్పుడల్లా అది తల పైకెత్తి ఊళపెట్టేది. “శ్రుతి తప్పలేదు సామీ, నాకంటే మేలు,” అని చెట్టియారు అంటే నాయన కూడా నవ్వు ఆపుకోలేక తాళం తప్పేవాడు. మా మఠంలో అంత సంతోషంగా భజన జరిగిన రోజులు అవే అని ఇప్పుడు తెలుస్తోంది.

నైవేద్యం వేళ మా మఠంలో ఒక కట్టుబాటు ఉంది. పళ్ళెం పెరుమాళ్ళ ముందు పెట్టి, ఇద్దరు చెరో వైపు తెర పట్టుకుంటారు. గంట మోగినంతసేపూ ఒక్కరు కూడా కళ్ళు తెరవకూడదు, తెర పట్టినవాళ్ళతో సహా. ఆరగించేటప్పుడు చూడడం మహాపచారం. గంట ఆగి మేము కళ్ళు తెరిచేసరికి మామ మాత్రం ఎడమ కన్ను ఒక్కటే మూసి, కుడి కన్ను తెరిచి ఉండేవాడు. ఒకసారి పూజ అయ్యాక నేను దీని సంగతి అడిగాను.

“మామా, నైవేద్యమప్పుడు కూడా సూదిలో దారం ఎక్కిస్తాండావా?”

ఆయన సిగ్గుపడి, కిటికీ కమ్మికి కట్టిన పొంపోం వైపు చూశాడు. “పెరుమాళ్ళ పక్క చూడను నాయనా, సత్తెంగా. ఒక కన్ను పెరుమాళ్ళకి, ఒక కన్ను దీనికి. ఆయన్ని ఆయన కాచుకుంటాడు. దీన్ని కాచేదానికి ఎవరుండారు?”

ఆ తెర కుట్టింది కూడా ఆయనే. ఎవరో భక్తురాలు ఇచ్చిన పట్టుగుడ్డ కొంచెం చాలలేదు. ఇంకో జానెడు కావాలని ఆయన అంటే, ఉన్నదానితో కానివ్వమన్నాడు నాయన. తెర నేలకు జానెడు ఎత్తులో ఆగింది.

అరవ నెల పెరటాసిలో శనివారాలు పెరుమాళ్ళకు ప్రీతి. ఆ నెలంతా మినప వడలు నైవేద్యం. ఆ ఏడాది రెండో శనివారం గంట ఆగింది, తెర తీశారు, నాయన పళ్ళెం వైపు చూసి అలాగే నిలబడిపోయాడు. గోపురంలా పేర్చిన వడల్లో పైది లేదు. తలుపులు మూసే ఉన్నాయి, వెనక దొడ్డి గుమ్మం తప్ప. మాలో ఎవరికీ దొడ్డి గుమ్మం గుర్తు రాలేదు. తెర పట్టిన చెట్టియారు తన పాదం వైపే చూసుకుంటున్నాడు.

“సామీ, గంట మోగతా ఉంటే నా పాదానికి ఏందో తగిలింది. చల్లగా. తడిగా. ఒళ్ళంతా పులకరించిపొయ్యింది.”

నాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ సేవకు ఒక్క వడ. పెరుమాళ్ళు అందుకున్నాడు. మేమందరం ఏడ్చాం. పెరుమాళ్ళు చూపుతోనే స్వీకరిస్తాడనీ, రుచి భక్తుడి నాలుక మీద చూస్తాడనీ నేను ఎన్నోసార్లు చదివి అర్థం చెప్పినవాణ్ణే. అయినా ఖాళీ అయిన ఆ చోటు చూసేసరికి చదివిందంతా మరుగున పడిపోయింది. చూపు మాకు చాలలేదు. వడ పోతేనే గాని నమ్మకం నిండలేదు.

వారం తిరిగేసరికి ఊరంతా పాకింది. మూడో శనివారం నెల్లితోపు నుంచి నడిచి వచ్చారు, విల్లియనూరు నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. మఠం లోపల కాలు పెట్టే చోటు లేదు. మామ ఆ రోజు కుక్కను ఇంట్లోనే కట్టి, అత్తను కాపలా పెట్టి ఒంటరిగా వచ్చాడు. ఎందుకో మాకు అప్పుడు తెలియదు. మృదంగం పక్కన తన చోటులో కూర్చుని పాడాడు. గంట మోగింది. అందరం కళ్ళు మూశాం. గంట ఆగి, తెర తొలగేసరికి మళ్ళీ పై వడ లేదు. ఆడవాళ్ళు గోవింద నామం చెబుతూ సాష్టాంగపడ్డారు. ఒక ముసలామె స్పృహ తప్పింది.

ఆ గొడవలో మామ లేచి నిలబడ్డాడు. మెడలో టేపు అలాగే ఉంది.

“సామీ, వడ తినింది కుక్క,” అన్నాడు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు.

“దొడ్డి పక్క నుంచి వచ్చింది. తెర కింద దూరింది. తాడు తెంచుకోని వచ్చేసింది, మెడలో ముక్క ఏలాడతానే ఉండాది. పోయిన వారం కూడా అదే. ఒక్క వడే గదా, ఇంక కట్టేస్తే సరి అనుకున్నా. ఇంత అవతాదని అనుకోలేదు. తెర కురచ నాది, కుక్క నాది. పెరుమాళ్ళది ఏమీ లేదు సామీ ఇందులో. ఆయన మీద లేనిది పెట్టకండి.”

విల్లియనూరు నుంచి వచ్చినవాళ్ళలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు విన్నాక నాయన ముఖం మారిపోయింది.

“నువ్వు చూశావా?”

“చూసినా సామీ.”

“నైవేద్యం వేళ కళ్ళు తెరిచావా?”

మామ మెడలోని టేపు కొన పట్టుకున్నాడు. తెరిచానంటే అపచారం. తెరవలేదంటే అబద్ధం.

“ఒక కన్నే సామీ,” అన్నాడు చివరికి.

ఆ మాటకు మరో రోజైతే అందరం విరగబడి నవ్వేవాళ్ళం.

పెద్దలు అక్కడే నిర్ణయం చేశారు. పెరుమాళ్ళ ఆరగింపు చూసిన కన్ను లోపలికి రాకూడదు. ఆ కుక్క మఠం వీధి గుమ్మం దాటకూడదు. వడ తిన్నదెవరన్న ప్రశ్న మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. చూసిన ఒక్కడూ చూడకూడనివాడు అయిపోయాడు గనుక, చూడని మా అందరి మాటే నిలిచింది. ఆయన పెరుమాళ్ళకు దండం పెట్టి, జనం మధ్య నుంచి దారి చేసుకుంటూ బయటికి నడిచాడు. దొడ్డి వైపు నుంచి పొంపోం గెంతుకుంటూ వచ్చి ఆయన కాళ్ళకు చుట్టుకుంది. మూతికి మినపపొట్టు అంటుకునే ఉంది.

మరుసటి శనివారం నాయన పల్లవి ఎత్తుకున్నాడు. అందుకోవలసిన గొంతు లోపల లేదు. ఒక్క క్షణం వెలితి. అప్పుడు కిటికీ అవతల నుంచి ఆ గొంతు అందుకుంది. తిన్నె మీద కూర్చుని ఉన్నాడు, పక్కన కుక్క. వీధి అందరిదీ, అక్కడ కూర్చోవద్దనడానికి ఎవరికీ హక్కు లేదు. అది మొదలు ఎండలో, వానలో, మంచులో, ఆయన అక్కడి నుంచే పాడాడు. కిటికీ మూయమని ఎవరైనా అంటే నాయన వద్దనేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు.

ఆ తర్వాత మఠంలో ఒక్క వడ కూడా పోలేదు. దొడ్డి గుమ్మానికి తలుపు పెట్టలేదు, తెర మార్చలేదు. అయినా పళ్ళెం నిండుగానే ఉండేది. ఏటా పెరటాసి మూడో శనివారాన్ని ఆరగింపు శనివారం అని పేరు పెట్టి చేయసాగారు. ఏటా తెర తీయగానే జనం మెడలు చాచి చూసేవాళ్ళు. నిండు పళ్ళెం చూసి నిట్టూర్చేవాళ్ళు. “ఆ పాడుకన్ను పడినాక ఆయన ముట్టేది లేదు,” అని కిటికీ వైపు చూసేవాళ్ళు. ఆయనకు వినిపించేలాగే అనేవాళ్ళు. నాయన ఆ నిండు పళ్ళేన్ని చూసే చూపు నేను చూశాను. వడలు పంచేటప్పుడు మొదటి వడ కిటికీలో నుంచి బయటికి ఇచ్చి రమ్మని నాకు సైగ చేసేవాడు. మామ దాన్ని కళ్ళకద్దుకుని, సగం తుంచి, పొంపోం ముందు పెట్టేవాడు.

ముసలితనం పొంపోంను కూడా వదల్లేదు. ముగ్గుల్లో అడుగులు పడడం మానేశాయి. మా అమ్మ ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు ముగ్గు మధ్యలో నాలుగు చుక్కలు ఖాళీగా వదిలేది. సిపాయి టోపీతో పోతుంటే పొంపోం తల ఎత్తి ఒక చిన్న గుర్రు మాత్రం పెట్టేది, మాట పోకుండా ఉండాలని. ఒక చలికాలం పొద్దున అది ఆయన మిషను కింద, గుడ్డ పీలికల మీద, చనిపోయింది. ఆయన దాన్ని కాలువ గట్టు మీద పాతిపెట్టి వచ్చి, ఆ రోజు ఇవ్వవలసిన రవికె కూర్చుని పూర్తి చేశాడు. ఎప్పుడూ తప్పని కొలత ఆ రవికెకు తప్పింది. తొడుక్కోవలసిన ఆమె కూలి పూర్తిగా ఇచ్చి తీసుకుపోయింది.

కుక్క పోయిన వారానికి నాయన నన్ను పిలిచాడు. “ఇంక లోపలికి రమ్మని చెప్పు. నేను పిలిచానని చెప్పు.”

నేను వెళ్ళేసరికి ఆయన సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. ముందులా ఒక్కసారికి ఎక్కడం లేదు.

“మామా, నాయన లోపలికి రమ్మంటాండాడు.”

ఆయన దారం కొన మళ్ళీ పెదవుల మధ్య తడిపాడు. మూసిన కన్ను మూసే ఉంది.

“కుక్క పొయ్యిందనా?”

నేను అరుగు అంచున కూర్చున్నాను.

“వస్తా నాయనా. నాకు యాడుంది వేరే చోటు? ఒక్క మాట చెప్పమను సామిని. అందరి ముందర. వడ తినింది కుక్క అని. నా కోసరం కాదు. నా కన్ను తప్పు తప్పే, దానికి బయట కూచ్చున్నా గదా ఇన్నాళ్ళు. ఆయన తిననిది తిన్నాడని ఏటేటా ఊరంతా చెప్పుకుంటాండారే, అది మోసేదానికి కావడం లేదు. తెలిసి దండం పెట్టుకోవల గదా జనం.”

నేను ఆ మాట తెచ్చి నాయనకు చెప్పాను. ఆయన చేతిలో తాళాలు ఉన్నాయి. వాటిని శబ్దం రాకుండా ఒకదానిలో ఒకటి పెట్టి కింద ఉంచాడు.

“ఇప్పుడు చెబితే ఎంతమంది నమ్మకం విరుగుతుందో తెలుసునా నీకు?” అన్నాడు.

ఆయన మాట అబద్ధం కాదు. ఆ శనివారం నాడే మొక్కు మొక్కుకుని పిల్లల్ని కన్నామన్నవాళ్ళున్నారు. కాని ఆ నమ్మకం కింద జానెడు ఖాళీ ఉందని మా ఇద్దరికీ తెలుసు. పెరుమాళ్ళకు మన అబద్ధం ఆసరా కావాలా అని పురాణం చెప్పే నోటితో నాయనను అడగలేకపోయాను. నాయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మామ తిన్నె దిగలేదు.

అలా ఏళ్ళు పోయాయి. మామకు కుడి చెవి వినిపించడం మానేసింది. కిటికీ వైపు ఎడమ చెవి ఉండేలా ఒరిగి కూర్చునేవాడు. అయినా పల్లవి ఆయనకు చేరేసరికి కొంత ఆలస్యమయ్యేది. మేము పాడడం ఆపాక, ఒక్క క్షణం తర్వాత, బయట నుంచి ఒంటరిగా ఆ గొంతు వచ్చేది. పిల్లలు నోళ్ళకు చేతులు అడ్డుపెట్టుకునేవాళ్ళు. కొన్నాళ్ళకు మేమే నిదానించడం నేర్చుకున్నాం. పల్లవి పాడి ఆగేవాళ్ళం. ఆయన గొంతు వచ్చి, ముగిసి, అప్పుడు చరణం. కొత్తగా వచ్చినవాళ్ళు మా భజన పద్ధతే అది అనుకునేవాళ్ళు.

పోయిన నెల, పెరటాసి మూడో శనివారం ఇంకా రెండు రోజులుందనగా, ఆయన పోయాడు. రవికె ముక్కలు కత్తిరిస్తూ పక్కకు ఒరిగాడట.

మఠంలో కూర్చున్నవాడు పోతే భజన గోష్ఠి అంతా అతని ఇంటికి వెళ్ళి, పాడె ఎత్తేముందు నామం చెప్పాలి. అది మా ఆనవాయితీ. వెళ్ళాలా వద్దా అని పెద్దలు మా అరుగు మీద చేరారు. బయట కూర్చున్నవాడు గోష్ఠిలోని మనిషేనా అని ఒకరు, పాడాడు గదా అని ఒకరు. చెట్టియారు నేల చూస్తూ కూర్చున్నాడు. నాయనకు నడవడం కష్టమై ఏడాదయింది. ఆయన లోపల నుంచి తాళాలు పట్టుకుని వచ్చి, నా భుజం మీద చేయి వేసి మెట్లు దిగాడు. అందరూ వెంట వచ్చారు.

ఆయనను మిషను పక్కన, అరుగు మీద పడుకోబెట్టారు. అత్త తల దగ్గర కూర్చుని ఉంది. మెడలో టేపు తీయనివ్వలేదని ఎవరో చెప్పారు. వీధంతా నిలబడి ఉంది. మేము అలవాటుగా వరస కట్టాం. నాయన తాళాలు ఎత్తాడు. ఎత్తిన చేయి అలాగే ఉంచి, కిందికి చూస్తూ, మామతోనే మాట్లాడుతున్నట్టు అన్నాడు.

“వడ తిన్నది కుక్క.”

ముందు వరసకు మాత్రమే వినిపించింది. చెట్టియారు చప్పున తల ఎత్తాడు. వెనకవాళ్ళు “ఏంది, ఏమన్నాడు సామి?” అని ఒకరినొకరు అడుగుతున్నారు.

అత్త ఏడవలేదు. నాయన వైపు చూసి చెప్పింది.

“ఆ పక్క చెవి ఆయనకి యినపడదన్నా. ఈ పక్కకి రా. గట్టిగా చెప్పు.”

నాయన నా భుజం వదిలేశాడు. ఒక్కడే, అరుగు అంచు పట్టుకుంటూ, మామ కాళ్ళ వైపు నుంచి తిరిగి ఎడమ పక్కకు వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెవి దగ్గరికి వంగాడు. వంగి కూడా, ఎప్పుడో పై స్థాయి పాడిన గొంతుతో, వీధి చివరిదాకా వినిపించేలా చెప్పాడు.

“వడ తిన్నది కుక్కేనయ్యా. తెర కురచ నాది. గుడ్డ చాలదంటే నువ్వు చెప్పావు, నేనే కుట్టమన్నాను.”

ఎవరూ నవ్వలేదు. ఎవరి నమ్మకం విరిగిందో, ఎవరిది నిలిచిందో నాకు తెలియదు. ఆ శనివారం మఠానికి జనం తగ్గారన్నది నిజం. వచ్చినవాళ్ళు మాత్రం తెర తీశాక పళ్ళెం వైపు కాక పెరుమాళ్ళ వైపు చూశారు.

నాయన అక్కడే, మామ పక్కన నేల మీద కూర్చుని, పల్లవి ఎత్తుకున్నాడు. అందరం పాడాం. పాడి, ఎప్పటిలా ఆగాం.

చాలాసేపు ఆగాం.